దీనమ్మకి పెట్టిన హెడ్‌ఫోన్లు

2003 మార్చిలో, పొన్నూరు దగ్గర ఒక పల్లె చర్చి వాళ్లు ఎనిమిది పాటల క్యాసెట్టు పని నాకు అప్పగించారు. నేను అప్పటికి రేడియోలో సీనియర్ ఇంజనీరింగ్ అసిస్టెంటు ఉద్యోగానికి స్వచ్ఛంద విరమణ తీసుకుని, గుంటూరులో మా ఇంటి వెనక గదిలో స్టూడియో పెట్టి ఏడాదైంది. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. గోడలకు పత్తి బొంతలు, ఒక కంప్యూటరు, చిన్న చప్పుడునైనా పట్టేసే కండెన్సరు మైకు ఒకటి, అంతే. రేడియోలో హెడ్‌ఫోన్లు కావాలంటే ఇండెంటు రాసి స్టోర్సులో ఇస్తే వచ్చేవి. వాటిని ఎంచి కొనడం మా హోదా వాళ్ల పని కాదు. ఆ విద్య నాకు రాదన్న సంగతి కూడా నాకు తెలియదు.

పాడేవాళ్ల కోసం కొనాల్సింది క్లోజ్డ్ బ్యాక్ రకం. అంటే చెవి డిప్పల వెనక భాగం పూర్తిగా మూసి ఉంటుంది. గాయకులు చెవిలో వాద్యం వింటూ పాడతారు కదా, ఆ చప్పుడు బయటికి పొక్కితే జానెడు దూరంలో ఉన్న మైకు దాన్ని కూడా పట్టేస్తుంది. గొంతుతో కలిసి రికార్డయిందంటే ఇక విడదీయలేం, ఆ రోజుల్లో అసలే కుదరదు. ఖరీదైనవి కొనే తాహతు లేదు కనక విజయవాడ వెళ్లి ఒక దుకాణంలో అరపూట కూర్చున్నాను. చవక రకాల్లో చెవి మీద ఆనేవి కొన్ని, చెవి చుట్టూ కూర్చునేవి కొన్ని. రెండోవే మంచివి. మెత్తలు చిరిగితే మార్చుకునే వీలుందా, వైరు పొడవు చాలుతుందా అన్నీ చూశాను. నాలుగు రకాలు నా తలకే పెట్టుకుని, దుకాణం కుర్రాణ్ణి చెవి దగ్గరికి వచ్చి ఏమైనా వినపడుతోందేమో చెప్పమన్నాను. నాది నున్నటి బట్టతల. దాని మీద ఏది పెట్టినా అతుక్కుంటుంది. రెండు రకాలు సమానంగా తేలితే, పట్టు తక్కువగా, హాయిగా ఉన్నది తీసుకున్నాను. నా మొహం, హాయి ఎవరికి కావాలి!

పాడడానికి వచ్చినావిడ పేరు దీనమ్మ. నలభై ఏళ్లుంటాయి, మిరప కోతలకు వెళ్లే మనిషి. ఆ ఎనిమిది పాటలకూ మాట, వరస రెండూ ఆవిడవే. చదువు లేదు, అన్నీ నోటికే. ఆదివారం ఆరాధనలో పాట ఎత్తుకునేది ఆవిడేనట, ఊరంతా వెనక అందుకునేదట. ఆ పాటలు ఆవిడ గొంతుతోనే నాలుగూళ్లకు వెళ్లాలని సంఘం కోరిక. ఆవిడ మాత్రం బయటికి ఏమీ అనలేదు. కానీ రెండు రోజుల కోత కూలి వదులుకుని, కొత్త చీర కట్టుకుని, పాస్టరు ప్రభుదాసు గారి వెంట బస్సులో వచ్చింది.

మైకు ముందు నిలబడగానే కొంగు తలమీద ముసుగేసుకుంది. ప్రార్థనలోనూ పాటలోనూ వాళ్ల ఆడవాళ్లు తల కప్పుకుంటారు, ఆ మాట మా జిల్లాలో తెలియనివాడు లేడు. నాకూ తెలుసు. హెడ్‌ఫోన్లు చేతికివ్వబోతే వెనక్కి తగ్గింది.

“మీరే పెట్టండి సారూ. చేతులకి మిరపకాయ ఘాటు పోలా. మీ సామానుకి అంటుద్ది” అంది.

ముసుగు తీయమనడం మర్యాద కాదనిపించి, కొంగు మీదనే జాగ్రత్తగా పెట్టాను. మెత్తకీ చెవికీ మధ్య చీర మడతలు ఉండిపోయాయి. అక్కడ సందు ఉంటుందన్న ఆలోచన నాకు రాలేదు. ఇరవై రెండేళ్ల సర్వీసు!

ఇక్కడ పని పద్ధతి ఒకటి చెప్పాలి. ముందు గైడ్ ట్రాక్ అని ఒకటి చేస్తాం. కీబోర్డు మీద వరస, తాళం తప్పకుండా టిక్కు టిక్కుమని ఒక చప్పుడు. గాయని అది వింటూ పాడుతుంది. తర్వాత తబలా, వేణువు వాళ్లు వచ్చి అసలు సంగీతం వాయిస్తారు, గైడ్ తీసేస్తాం. దీనమ్మ రెండు మూడుసార్లు “కొంచెం పెంచండి సారూ, వినపడట్లా” అంది. పెంచాను. సందులోంచి చప్పుడు బయటికి పోతుంటే ఆవిడకు ఎలా వినపడుతుంది? నేను పెంచినకొద్దీ మైకులోకి పోయింది. టేకు అయ్యాక గొంతు ఒక్కదాన్నీ విడిగా విని చూసుకోవాలి, ఇది మొదటి ఏడాది వాడికైనా తెలిసిన నియమం. నేను గైడుతో కలిపే విన్నాను. ఫ్యాను ఆపేసిన గదిలో చెమట కారిపోతోంది, పైగా ఆవిడ ఒక్క పొల్లు పోకుండా పాడుతోంది. రేడియోలో పెద్ద పెద్ద గ్రేడు ఆర్టిస్టుల్ని రికార్డు చేసినవాణ్ణి, అంత నిండు గొంతు నేను వినలేదు. రెండు రోజుల్లో ఎనిమిదీ అయిపోయాయి.

పది రోజుల తర్వాత వాద్యాలన్నీ చేరాక గైడ్ తీసేసి విన్నాను. ఆవిడ ఊపిరి తీసుకున్న ప్రతిచోటా టిక్కు, టిక్కు. నెమ్మది పాటల్లోనైతే గోడగడియారం పక్కన పెట్టుకుని పాడినట్టుంది. కారణం వెతకడానికి గంట కూడా పట్టలేదు. మా ఆవిడ చీర కొంగు నా తలకే చుట్టుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని మైకు ముందు నిలబడ్డాను. అదే చప్పుడు. తలమీదుగా వచ్చే బ్యాండు రెండు గళ్లు బిగించి, చీర మడత చెవి మీద లేకుండా సర్దితే చప్పుడు పోయింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. “పాపం, ఆవిణ్ణి ఇంకోసారి రమ్మనండి, మనదే పొరపాటని చెప్పండి. అంతేగా” అంది.

అంతే. కానీ నేను చెప్పలేదు. రేడియో ఇంజనీరని పాస్టరు గారు నన్ను ఊరూరా పొగిడి ఉన్నారు. ఇంకో రెండు సంఘాల పని మాటల్లో ఉంది. హెడ్‌ఫోన్లు పెట్టడం రాలేదని ఏ నోటితో చెప్పను? పాస్టరు గారు వచ్చి క్యాసెట్టు ఏమైందని అడిగితే, ఆమెకు స్టూడియోలో పాడే పద్ధతి అలవాటు లేదండీ, గొంతు సరిగా పడలేదు, అలవాటున్న వాళ్లయితే మేలు అన్నాను. ఆయన చాలా బాధపడ్డారు. కానీ ఎదురు అడగలేదు. నేను ఇంజనీరుని, ఆయన ఏమని అడుగుతారు? విజయవాడ నుంచి సంగీతం నేర్చిన అమ్మాయి వచ్చి ఎనిమిది పాటలూ పాడి వెళ్లింది. ముసుగు లేదు, చప్పుడూ లేదు. క్యాసెట్టు బాగానే అమ్ముడుపోయింది. దీనమ్మ టేకులు నేనే చెరిపేశాను. హార్డ్ డిస్కులో చోటు లేదని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి అవి వింటే ఎవరికైనా తప్పెవరిదో తెలిసిపోతుంది.

క్యాసెట్టు విడుదలైన వారానికి ఆవిడ ఒక్కతే మా ఇంటికి వచ్చింది. అరుగు మీద కూర్చోమన్నా కూర్చోలేదు.

“నా గొంతు మిషనుకి పడలేదన్నారంట, పాస్టరయ్యగారు చెప్పారు. నేనేం తప్పు చేశాను సారూ? మీరు పెట్టినట్టే పెట్టుకున్నా గదండీ, కదిలించను గూడా లేదు” అంది.

అప్పుడైనా చెప్పవచ్చు. పాస్టరు గారు లేరు, ఎవరూ లేరు. “కొన్ని గొంతులంతేనమ్మా, మైకుకి నప్పవు” అన్నాను. ఆవిడ “అంతేలెండి” అని నమస్కారం పెట్టి వెళ్లిపోయింది.

రెండేళ్ల తర్వాత అదే ఊళ్లో సభలకు మైకులు అమర్చే పని మీద వెళ్లాను. పాట ఎత్తుకునే చోట వేరే ఆవిడ ఉంది. దీనమ్మ వెనక వరసలో తల వంచుకుని కూర్చుంది, పెదవులు కదలడం లేదు. అడిగితే పాస్టరు గారు మామూలుగానే చెప్పారు: “మిషనుకి పడని గొంతని తనే మానేసిందండీ. ఎంత బతిమాలినా పాడదు.” నేను వైర్లు సర్దుకుని వచ్చేశాను.

ఇప్పుడు ఇంట్లో స్టూడియో పెట్టుకునే పిల్లలు ఏ హెడ్‌ఫోన్లు కొనాలని నన్ను అడుగుతుంటారు. మీ తల మీద కాదు, పాడే మనిషి తల మీద పెట్టి, ఆ మనిషి ఎలా నిలబడి పాడుతుందో అలాగే ఉంచి చూడండి, పట్టు గట్టిగా ఉన్నవే తీసుకోండి అని చెబుతాను. అలాంటి చప్పుడు చాలావరకు తీసేసే సాఫ్ట్‌వేర్లు కూడా ఇప్పుడు వచ్చాయి. తీయడానికి నా దగ్గర ఆ పాటలు లేవు. పనికి సంబంధించి నేర్చుకున్నది ఇంతే. రెండోది పనికి సంబంధించినది కాదు. తప్పు సామానుదో, మనిషిదో తేల్చి చెప్పగలవాడు ఆ గదిలో నేనొక్కణ్ణే. అలాంటివాడు అబద్ధమాడితే పట్టుకునేవాళ్లు ఉండరు. పాస్టరు గారు పట్టుకోలేదు. దీనమ్మ అయితే పట్టుకోకపోవడమే కాదు, నమ్మింది.