పసుపు లేని విందు

నోట్లో ముద్ద పెట్టుకుని ఇది చదువుతున్నారా? అయితే ముందు ఆ ముద్ద మింగేయండి. పొలమారితే నా పూచీ లేదు. ఒకే ఒక్క పూట భోజనంతో నాంపల్లిలో ఒక గల్లీ గల్లీని వెక్కి వెక్కి ఏడిపించిన ఘనత నాది. ఇంకా వడ్డించనైనా లేదండీ, అప్పుడే ఏడ్చారు! వంట బాగాలేక ఏడిపించడం ఎవరికైనా చేతనవుతుంది. వంట మూత తీయకుండా ఏడిపించాలంటే నాలాంటి ప్రతిభ ఉండాలి.

అప్పటికి నేను కొత్త కోడల్ని. గుంటూరు నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడ్డ మా వాళ్లు నన్ను అపార్ట్‌మెంట్‌లో పెంచారు. వాకిలి అంటే నాకు తెలిసింది లిఫ్టు ముందు చెప్పులు విడిచే చోటు. అలాంటి నేను నాంపల్లిలో, గల్లీలోకి తలుపు తెరుచుకునే పాత ఇంటికి కోడలిగా వచ్చాను.

మా మామయ్య పేరు నర్సింగరావు. లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఆయనకి ఒక్కడే అన్న, యాదగిరి పెద్దమామ. ఉస్మాన్‌గంజ్‌లో పసుపు టోకు వ్యాపారం. ఆయన భుజం మీది తువ్వాలు పప్పు గిన్నె మీద దులిపితే చాలు, వేరే పసుపు అక్కర్లేదు. ప్రతి ఆదివారం రాత్రి అన్నగారు తమ్ముడింటికి భోజనానికి రావడం నేను పుట్టకముందు నుంచీ ఉన్న ఆచారం. నేను వచ్చిన కొత్తలోనే దానికి మంగళం పాడాను.

ఎలాగంటారా? అబిడ్స్‌లో ఒక సూపర్‌మార్కెట్‌కి వెళ్లి, మిగతా సామాన్లతో పాటు మెరిసిపోతున్న ఒక పసుపు పాకెట్ కొన్నాను. ఆదివారం మంచినీళ్ల కోసం వంటింట్లోకి వచ్చిన పెద్దమామ దాన్ని చూశారు.

"ఏంది బిడ్డా ఇది?"

"పసుపు, పెద్దమామా! ఆఫర్‌లో వచ్చింది!" అన్నాను, ఏదో పతకం గెలిచినట్టు.

"ఎందుకు? ఉస్మాన్‌గంజ్‌ల పసుపు ఒడిసిందా?"

మామయ్య నన్ను కాపాడబోయారు. "పోనీ అన్నా, పోరి కొత్తగొచ్చింది. పసుపు ఏదైతేంది, పచ్చగుంటే సాలదా?"

చూశారా! జీవితమంతా పసుపు కొమ్ముల మధ్య గడిపిన మనిషితో 'పసుపు ఏదైతేంది' అనడమా? పెద్దమామ మంచినీళ్లు కూడా తాగలేదు. "నా పసుపుకు ఇజ్జత్ లేని ఇంట్ల నాకేం పని!" అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. పాకెట్‌ని ఆ క్షణమే చెత్తలో వేశాం. అయినా ఏం లాభం? తమ్ముడు పిలిస్తే వస్తానని ఆయన, అన్న పలకరిస్తే మాట్లాడతానని ఈయన. ఆదివారం సాయంత్రమయ్యేసరికి మామయ్య గల్లీ మలుపు వైపు చూస్తూ గడప మీద కూర్చునేవారు. ఏంటి మామయ్యా అంటే "గాలికి కూసున్న" అనేవారు. గాలి లేని రోజు కూడా! ఆ అన్నదమ్ముల మధ్య పసుపు పోసింది నేనే కదా.

ఆ బాధలో ఉండగా ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో ఒక విదేశీ వంటల పత్రిక దొరికింది. వారానికొక రాత్రి ఇంటిల్లిపాదీ కలిసి, ఒక్కోవారం ఒక్కో థీమ్‌తో భోంచేయాలట. ఇల్లు స్వర్గమవుతుందట. బొమ్మలు చూస్తుంటే నాకు కాళ్లు నేల మీద నిలవలేదు! ఆటోలోనే పథకాలు వేసేశాను.

మొదటివారం ఎర్ర ఆదివారం. అన్నీ ఎర్రటి వంటలే. మా ఆయన రవీందర్ మర్నాడు ఆఫీసుకి వెళ్లలేదు, కారణం అడక్కండి. తర్వాతివారం రైలు భోజనం. స్టేషన్ పక్కనే ఉంది కదా, కూతలు ఉచితం! రవీందర్ కెటిల్ పట్టుకుని "చాయ్, గరమ్ చాయ్" అంటూ హాల్లో తిరిగాడు. మా అత్తమ్మ అయితే లోయర్ బెర్త్ ఇస్తేనే తింటానని పట్టుబట్టింది. అందరం పడీ పడీ నవ్వుతుంటే మామయ్య చేయి కడుక్కుంటూ అన్నారు, "మస్తుగున్నది బిడ్డా. అన్న ఉంటే ఇంకింత నవ్వుతుండె."

అంతే! ఆ మాట విన్నాక నేను ఆగుతానా? పెద్దమామకి ఫోన్ చేసి, వచ్చే ఆదివారం రావాల్సిందేనని బతిమాలాను.

"ఒస్త," అన్నారు. "గని నువ్వు పిలిచినవని ఒస్తున్న, వాడు పిలిచిండని కాదు. పసుపు ముచ్చట తీసిన్రో, కంచం ముందలకెల్లి లేచి పోత!"

ఇటు మామయ్య తక్కువ తిన్నారా? "ఒస్తే రానీ. నేనైతే లోపల్నే పండుకుంట. అన్న వచ్చి పిలిస్తేనే బయటికొస్త."

పసుపు ముచ్చట రాకూడదంటే ఏం చేయాలి? మామూలు మనుషులైతే నోరు మూసుకుంటారు. నేను మేధావిని కదా! అసలు వంటల్లో పసుపే వేయకపోతే ముచ్చట ఎలా వస్తుంది? పసుపు లేకపోతే వంట ఏ రంగులో ఉంటుంది? తెల్లగా! ఇదిగో, థీమ్ పుట్టేసింది! తెల్ల ఆదివారం! ఇడ్లీలు, కొబ్బరి పచ్చడి, కొబ్బరిపాలన్నం, పెరుగులో ముల్లంగి, సగ్గుబియ్యం పాయసం. అందరూ తెల్లబట్టలే కట్టుకోవాలని ఆజ్ఞ కూడా జారీ చేశాను.

"ముత్తైదును నన్ను తెల్లచీర కట్టమంటవా?" అని అత్తమ్మ కళ్లెర్రజేసింది.

"అంచు ఉంది కదా అత్తమ్మా, మీరు అంచునే చూసుకోండి!"

గొణుక్కుంటూనే కట్టుకుని, కొబ్బరి కోరడానికి వంటింట్లో కూర్చుంది. ఆవిడ ఆ వంటింట్లోంచి ఒక్కసారి బయటికి వచ్చి చూసి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

పత్రికలో బొమ్మలో విందు ఆరుబయట తోటలో, తెల్లటి గుడారం కింద ఉంది. మాకు తోట లేదు. గల్లీ ఉంది కదా! టెంట్ హౌస్‌కి ఫోన్ చేసి తెల్ల షామియానా, తెల్ల కుర్చీలు కావాలన్నాను. అతను ఎందుకో గొంతు తగ్గించి, "ఫికర్ చెయ్యకండమ్మా, ఇప్పుడే పంపిస్త" అన్నాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను.

ఇక దోమలు. మా అమ్మమ్మ సాయంత్రం పూట పిడకలు, వేపాకు వేసి పొగ పెట్టేది. పూజాసామాన్ల దుకాణానికి వెళ్లి పిడకలు అడిగాను.

"ఎవరికమ్మా?" అన్నాడు దుకాణాయన.

"మా మామయ్యగారి కోసమేనండీ ఇదంతా!"

"అయ్యో! ఎప్పుడైంది?"

"ఇంకా కాలేదు, సాయంత్రం!" అన్నాను ఉత్సాహంగా. ఆయన నన్నలా ఎందుకు చూశాడో అప్పుడు అర్థం కాలేదు.

ఇక్కడ మీకొక ముక్క చెప్పాలి. ఈ ఊళ్లో గల్లీ ఇళ్లల్లో ఎవరైనా పోతే, ముందుగా వాకిట్లో నిప్పు రాజేస్తారు. పొగ చూడగానే ఇంట్లో శవం ఉందని గల్లీ అంతటికీ తెలిసిపోతుంది. ఇది ఇక్కడ చిన్నపిల్లలక్కూడా తెలుసు. అపార్ట్‌మెంట్‌లో పెరిగిన ఈ మహాతల్లికి తెలియదు. తెలిసిన రవీందర్‌ని నేనే వెనీలా ఐస్‌క్రీమ్ కోసం మోజంజాహి మార్కెట్‌కి తరిమాను. పొమ్మనలేక పొగబెట్టారంటారే, రమ్మని పొగబెట్టిన మొదటి మనిషిని నేనే!

పిడకలు గుప్పుమన్నాయి. కాసేపటికే ఎదురింటి సరోజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చింది. ఆవిడ వెనక ఇంకొకరు, వాళ్ల వెనక ఇంకొకరు. చడీచప్పుడు లేకుండా వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. నా గుండె ఉప్పొంగింది. నా థీమ్ చూడ్డానికి గల్లీ గల్లీ తరలివచ్చింది!

"రండి, రండి! కూర్చోండి! పెద్దమామ కోసమే ఆగాం. ఆయన రాగానే మొదలుపెట్టేస్తాం!"

"ఔ మల్ల, తోడబుట్టినోడు రాకుంటే ఎట్ల," అని నిట్టూర్చింది సరోజమ్మ. "పొద్దుగాల పాలపాకెట్ తెచ్చుకుంట మంచిగనే ఉండె గదా బిడ్డా?"

"పాలు తెచ్చి పడుకున్నారండీ, ఇప్పటిదాకా లేవలేదు. ఎంత పిలిచినా పలకరు. అన్నయ్య వచ్చి పిలిస్తేనే లేస్తారట!" అని నవ్వాను.

సరోజమ్మ భోరుమంది. పక్కావిడ చెవిలో, "పిచ్చిపోరి... దిమాక్ ఖరాబైంది పాపం" అనడం నాకు వినబడింది.

సరిగ్గా అప్పుడే గల్లీ మలుపులో పెద్దమామ ఆటో దిగారు. పొగ చూశారు. షామియానా చూశారు. తెల్లచీరలో నన్ను చూశారు. "దయచేయండి" అని నేను నోరు తెరవగానే పొగంతా నా ముఖానికి తిరిగింది. దగ్గు, కళ్లలోంచి ధారలు, మాట లేదు. రెండు చేతులూ చాచి నిలబడ్డాను.

"తమ్మీ!" అని ఒక్క కేక! చేతిలో సంచి జారిపోయింది. వాకిట్లో కూలబడిపోయారు. "నర్సింగా! నేనొస్తున్న గదరా! జరసేపు ఆగకపోతివా? పసుపు ఏదైతేంది అంటివి. నిజమేరా! ఏ పసుపైతేంది! తప్పంత నాదేరా! పాకెట్ కోసం నిన్ను పోగొట్టుకుంటినిరా!"

నాకు ఊపిరాడేలోపే రవీందర్ వచ్చాడు. వాకిట్లో మంట, నేల మీద పెదనాన్న. "నాయినా!" అని ఐస్‌క్రీమ్ డబ్బా విసిరేసి ఆయన పక్కనే కూలబడ్డాడు.

"నువ్వెందుకేడుస్తున్నావ్? ఇప్పుడేగా ఆయన్ని చూసి వెళ్లావ్!" అని దగ్గుతూనే అరిచాను.

"గందుకే ఏడుస్తున్ననే! ఇప్పుడే చూసి పోతి గదా!"

అప్పుడు వెలిగింది నాకు. నెత్తి మీద కుండ పగిలినట్టు వెలిగింది. "అయ్యో, మామయ్య బతికే ఉన్నారు!" అని కెవ్వుమన్నాను.

సరోజమ్మ నన్ను గుండెలకి హత్తుకుంది. "గట్లనే అనిపిస్తది బిడ్డా. మొదట్ల అందరికి గట్లనే ఉంటది."

చెబితే నమ్మేవాళ్లేరీ? ఇంతలో తలుపు కిర్రుమంది. తెల్లపంచె, తెల్లలాల్చీ, చుట్టూ పొగ. మామయ్య! తలుపు వెనక నిలబడి అన్నగారి మాటలన్నీ విన్నట్టున్నారు, ఆయన కళ్లూ ధారలే. "ఏడ్వకే అన్నా. నేనీడనే ఉన్న."

ఎవరిదో కుర్చీ వెనక్కి పడింది. ఒకాయన ఆంజనేయ దండకం అందుకున్నాడు. పెద్దమామ మాత్రం లేచి, తమ్ముడి చెంపలు తడిమి, చేతులు తడిమి, గట్టిగా వాటేసుకున్నారు. ఎంతసేపు అలా ఉన్నారో! నేను కూడా ఈసారి పొగ లేకుండానే ఏడ్చాను. తర్వాత ఆయన తమ్ముడి వీపు మీద ఫెడీమని ఒక్కటిచ్చారు.

"బతికుంటే బయటికి రానీకేం రోగంరా?"

"నువ్వు పిలువలే గదనే."

కొబ్బరి చేతులతో అత్తమ్మ అప్పుడొచ్చింది. "ఏంది లొల్లి? వాకిట్ల గీ మంటేంది? ఎవరు పెట్టిన్రు?"

గల్లీ మొత్తం నా వైపు తిరిగింది. భూమాత నన్ను లోపలికి తీసుకుంటుందేమోనని చూశాను. నాంపల్లిలో సిమెంటు రోడ్డు, ఆవిడకి కూడా వీలుపడలేదు.

"సూడు తమ్మీ," అన్నారు పెద్దమామ ముక్కు తుడుచుకుని, "తప్పు నాదన్న గదా, అది వాపస్ తీసుకుంటున్న. సచ్చినవనుకోని అన్న."

"చెల్లదు! గల్లీ అంత విన్నది. సరోజమ్మ సాక్షి!"

ఆ పేచీ తేలనేలేదు. పేచీ పడుతూనే ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. వచ్చినవాళ్లని ఏడిపించి ఖాళీ కడుపుతో పంపిస్తామా? అందరికీ వడ్డించాం. పెద్దమామ కంచంలోకి చూసి, "ఏంది బిడ్డా, సావు ఇంట్ల కూడు గూడ ఇంతకన్న రంగుంటది!" అన్నారు. అలా అంటూనే మారు వడ్డించుకున్నారు.

ఇప్పటికీ ప్రతి ఆదివారం వస్తారు. కాకపోతే ఒక షరతు. బయల్దేరే ముందు ఫోన్ చేస్తారు. నేను ఎత్తితే కుదరదు, రవీందర్ ఎత్తితే కుదరదు. "మీ మాట నమ్మ. వాణ్ణి మాట్లాడమను, గొంతు ఇన్నంకనే ఆటో ఎక్కుత" అంటారు. మామయ్య మధ్యాహ్నం నుంచే ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంటారు. మోగగానే, "ఉన్న అన్నా, ఈ వారం గూడ ఉన్న. జల్ది రా" అంటారు. ఎవరు ముందు పలకరించాలన్న పంతం ఎటుపోయిందో ఇద్దరికీ గుర్తులేదు.

కాబట్టి, నన్ను గుండెలకి హత్తుకున్న సరోజమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక తెల్ల విందు పెట్టను. దోమలు మమ్మల్ని ఎత్తుకుపోయినా వాకిట్లో అగరొత్తి కూడా వెలిగించను. తప్పనిసరై వెలిగించాల్సి వస్తే, ముందు మామయ్యని గల్లీ ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడిపించి, ప్రతి గడప ముందూ ఒకసారి నవ్వించి, ఆ తర్వాతే అగ్గిపుల్ల గీస్తాను.