హత్యల కథలు వినే అక్క

సూరత్‌లో, నవాగామ్‌లో మా పక్క గదిలో ఒక అక్క ఉండేది. సిరిసిల్ల దిక్కు మనిషి. మగవాళ్లు మగ్గాల పనికి పోగానే గల్లీలోని ఆడవాళ్లమంతా ఆమె ఇంట్లో చేరి చీరలకు లేసులు కుట్టేవాళ్లం. ఆమె ఫోన్‌లో నిజంగా జరిగిన హత్యల కథలు పెట్టేది. మధ్యలో ఆపి, సూది పైకెత్తి, "జర ఆగుండ్రి, వీడు అబద్ధమాడుతుండు" అనేది. ఇక హంతకుడెవరని మాలో మాకు ఒకటే కొట్లాట, నవ్వులు.

కొత్తగా పెళ్లై వచ్చిన నాకు మాత్రం భయమేసేది. "గీ రక్తం కథలు ఎందుకక్కా?" అని ఒకరోజు అడిగాను.

"భయం ఏ ఆడదానికి లేదు చెల్లె? ఒక్కదానివే లోపల పెట్టుకుంటే అది పెరుగుతది. గిట్ల అందరం కూసోని ఇంటే, మోసగాడు ఎట్ల మాట్లాడ్తడో తెలుస్తది" అంది.

ఒక మధ్యాహ్నం ఎవడో వచ్చి, గ్యాస్ పైపు చూడాలంటూ మా గల్లీలో ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మ గదిలోకి పోబోయాడు. అక్క అడ్డం నిలబడింది.

"భయ్యా, కార్డు దిఖావ్."

వాడు గుర్తింపు కార్డు కోసమన్నట్టు జేబులు తడుముకున్నాడు. మేమంతా చుట్టూ చేరాం. ఉన్నట్టుండి నేనే వచ్చీరాని హిందీలో అరిచాను, ఈ గల్లీలో అన్నీ సిలిండర్లే, పైపెక్కడుందని. వాడు ఒక చెప్పు వదిలేసి ఉరికాడు.

అక్క నన్ను పట్టుకొని కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"గింత గొంతు ఇన్నొద్దులు యాడ దాసినవ్, చెల్లె!"