ఇద్దరికి సరిపడే సంగటి

మొన్న నంద్యాలలో కంటి ఆసుపత్రికి పోయి తిరిగి వస్తా, బస్సుకు ఇంకా టైముందని పుస్తకాల అంగడి ముందర నిలబడినాను. కంట్లో చుక్కల మందు వేసి పంపినారు, అక్షరాలన్నీ అలుక్కుపోయి కనపడతా ఉండినాయి. అయినా ఆ అట్టమీద బొమ్మను దూరం నుంచే గుర్తుపట్టినాను. సినిమా నటి. కత్తి పట్టుకున్నట్టు చేతిలో గరిటె. ఆ పుస్తకాన్ని ఒక చిన్న వయసు అమ్మాయి తిరగేస్తా అంగడాయన్ను అడుగుతాంది.

"ఇంట్లో వంటకు పనికొస్తాదా అన్నా ఇది? కొనొచ్చునా?"

"బ్రహ్మాండంగా పోతాందమ్మా. ఇదొక్కటే మిగిలింది."

అడిగినదానికి అది జవాబు కాదు. నన్నెవరూ అడగలేదు గానీ నోరు ఊరుకోలేదు. "వద్దు తల్లీ. అది మా ఇంట్లో ఉంది," అన్నాను.

అంగడాయన నన్ను కిందనుంచి పైకి చూసినాడు. "ఏం పెద్దాయనా, వంటమాస్టరువా నువ్వు?"

"కాదప్పా. రాళ్లు చెక్కేవాన్ని."

"అట్లయితే రాళ్ల పుస్తకం వచ్చినప్పుడు చెబుదువులే," అని పకపకా నవ్వినాడు. ఆ అమ్మాయి నవ్వలేదు. "ఎందుకొద్దు తాతా?" అని నా మొహంలోకి చూసింది. ఆమెకు చెప్పాలంటే ఒక మాటతో అయ్యేది కాదు. అంతలో ఆళ్లగడ్డ బస్సు కదులుతాంటే పోయి ఎక్కినాను. ఆమె కొనిందో లేదో తెలీదు. ఆమెకు చెప్పాల్సింది ఈడ రాస్తాండా.

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాళ్లు శానామంది ఉన్నారు. నాకు అంత విద్య రాలేదు. నేను చెక్కింది అక్షరాలు. బడి గోడల్లో దాతల పేర్లు, ప్రారంభోత్సవాల పలకలు, అన్నిటికంటే ఎక్కువగా మా క్రైస్తవుల సమాధి రాళ్లు. బడికి పోయింది రెండేండ్లే. మిగతా చదువంతా రాయి మీదే నేర్చుకున్నాను. ఒక అక్షరం చుట్టూ పొద్దంతా ఉలి తిప్పినోడు దాన్ని ఎట్ల మరిచిపోతాడు? ఆ తర్వాత కంటికి కనపడిందల్లా చదివినాను. అంగట్లో పొట్లం కట్టిన కాయితం కూడా విప్పి చదివిందాకా పారేసేవాన్ని కాదు.

మా పనికి ఒకటే కట్టుబాటు. కాయితంలో రాసిచ్చింది ఉన్నదున్నట్టు రాతి మీదికి ఎక్కాల. సొంత తెలివి చూపించకూడదు. యాభై ఏండ్లు అట్ల బతికితే ఏమైతాదంటే, అచ్చులో ఉన్నమాట మనిషి చెప్పిన మాటకంటే పెద్దదై కూర్చుంటాది. నాకట్లే అయింది.

నా భార్యకు చదువు లేదు. ఆదివారం చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకునేది గానీ పాటలన్నీ నోటికే వచ్చు. వంటా అంతే. మాకు పిల్లల్లేరు. పొద్దున ఆమె సంగటి చేసేది, పక్కన బుడ్డలు, అదే వేరుశనగ విత్తనాలు, వేయించి ఎండుమిరపకాయలూ చింతపండూ వేసి రోట్లో నూరిన ఊరిబిండి. నేను తిని పనికి పోయేవాన్ని. అది ఎట్ల తయారైతాదో ఒక్కరోజు కూడా తిరిగి చూడలేదు. వంటింట్లోకి నేను పోయింది నీళ్లు తాగేకే.

పోయినేడు వానాకాలంలో ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడిచేయి, కుడికాలు, మాట, మూడూ ఒక్క పొద్దులో పోయినాయి. నంద్యాల ఆసుపత్రిలో పదిరోజులు ఉంచి ఇంటికి పంపినారు. పంపేటప్పుడు డాక్టరు నాతో గట్టిగా చెప్పినాడు. "మందుల కంటే తిండి ముఖ్యం. తినకపోతే మనిషి నిలవదు. మింగేకి మెత్తగా ఉండాల, ఆమెకు అలవాటైన తిండే పెట్టండి."

ఆమె తినలేదు. పక్కింట్లో సాయెబుల ఆమె ఉంది, భర్త టైలరు. ఆమే వచ్చి నా భార్యకు నీళ్లు పోసి, జడ వేసి పోయేది. రోజూ మెత్తగా అన్నం, పప్పు చేసి తెచ్చేది. రెండు ముద్దలకే నా భార్య పెదాలు బిగించి మొహం గోడవైపు తిప్పుకునేది. చేతి గాజులు మోచేతి దాకా జారతా ఉండినాయి. నాకు భయం పట్టుకుంది. అలవాటైన తిండి అంటే సంగటే. అది చేసే మనిషి మంచం మీద ఉంది, చెప్పేకి నోరు లేదు.

అప్పుడు ఏం చేసినాను? మందులకని నంద్యాలకు పోయి, ఈ పుస్తకం కొనుక్కోని వచ్చినాను. వెనక పేజీలో 'రాయలసీమ రాగి సంగటి' అని ఉంది. ఇంకేం కావాల అనుకున్నాను.

కొనేముందే నాకు ఒకటి కనపడింది. అట్టమీద బొమ్మలో ఆ నటి పక్కనున్న వంటింటి గట్టు తెల్లటి పాలరాయి. పాలరాయి మీద పసుపు ఒక్కసారి పడితే మరక చచ్చినా పోదు, నా బతుకంతా రాళ్లతోనే గడిచింది, అది నాకొకరు చెప్పాల్సిన పని లేదు. ఆ గట్టు మీద ఒక్క మరక లేదు. అంటే ఆడ ఎవరూ ఎప్పుడూ వండలేదు. నా కన్ను ఆ మాట చెప్పింది. నేను వినలేదు. 'మా అవ్వ దగ్గర నేర్చుకున్నాను' అని ఆమె అచ్చు వేయించిందే, అచ్చులో ఉన్నది అబద్ధమెట్ల అయితాది అనుకున్నాను.

మరుసటి రోజు నా భార్యను కుర్చీలో కూర్చోబెట్టి వంటింటి గడప దగ్గరికి తెచ్చినాను. చూసి సంతోషపడతాదని. పుస్తకం డబ్బాకు ఆనించి పెట్టి, పెద్దగా చదివి, చదివింది చదివినట్టు చేసినాను. రాగిపిండి చన్నీళ్లలో కలపమంటే కలిపినాను. దాన్ని మరిగే నీళ్లలో పోసి సన్న సెగమీద ఐదు నిమిషాలు తిప్పమంటే గడియారం చూసి తిప్పినాను. పైన వెన్న, కొత్తిమీర వేయమంటే అవీ వేసినాను. 'ఇద్దరికి సరిపోతుంది' అని కింద రాసుంది. అది చదివి నాకు ధైర్యం వచ్చింది. మేమిద్దరమే కదా.

నేను చన్నీళ్లలో పిండి కలిపేటప్పుడే ఆమె ఎడమచేయి ఊపింది. వద్దు వద్దు అని. నేను పుస్తకం తీసి ఆమె మొహం ముందర పెట్టినాను. "ఇదిగో సూడు, అచ్చు వేసినారు. నీకంటే తెలిసినోళ్లు రాసినారు." ఆమె తల అడ్డంగా ఊపింది. నాకు కోపం వచ్చింది. "చదువు రాదు, తెలుసుకోవు," అన్నాను.

మాట పడిపోయిన మనిషితో, పుస్తకం చేతిలో పట్టుకోని వాదించినాను. ఇది రాసేకి చెయ్యి రావడంలే. రాయకుంటే నా మనసు ఊరుకోదు.

గిన్నెలో తయారైంది సంగటి కాదు. నల్లటి బంక. ఆమె నోట్లో చెంచాడు పెడితే నాలుకతో బయటికి తోసేసింది. ఆ టైముకే పక్కింటామె వచ్చి గిన్నెలోకి తొంగి చూసింది.

"ఏందన్నా ఇది? గోడలకు పోస్టర్లు అంటిచ్చే పనికి పోతాండావా?"

"సినిమా ఆమె పుస్తకంలో అట్లే ఉందమ్మా."

"అట్లయితే ఆమె పోస్టర్లే అంటిచ్చు. నేను చేసిస్తానంటే వినవు గదా."

నా భార్య సగం పెదవితో నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చినాక అదే మొదటి నవ్వు. నా మీద నవ్వినా సరే, నవ్వింది కదా అని నేనూ నవ్వినాను. కానీ పంతం పోలేదు. తప్పు నాదే అయ్యుంటాది, ఏదో అక్షరం సరిగ్గా పాటించలేదు అనుకోని ఇంకా మూడు రోజులు అదే పేజీ ముందర పెట్టుకోని చేసినాను. మూడు రోజులూ బంకే. ఆమె మూడు రోజులూ తినలేదు. ఉన్న కొద్ది బలం ఆ మూడు రోజుల్లో పోయింది. ఆ పుస్తకం మీద నాకున్న కోపంలో సగం నా మీదే.

ఆ మరుసటి రోజు పుస్తకం తెరవబోతాంటే ఆమె పక్కనున్న స్టీలు గ్లాసును చెంచాతో ఠంగున కొట్టింది. తిరిగి చూసినాను. చెంచా నూకల డబ్బా వైపు చూపించింది. పుస్తకంలో నూకలే లేవు. నేను పుస్తకం మూసి పక్కన పెట్టినాను. అంతే, ఆ రోజు నుంచి ఆమె చెంచా చెప్పినట్టు నేను చేసినాను.

నూకలు ఎంత? ఎడమచేయి చాచి, నా గుప్పిట పట్టుకోని చూపించింది. నా గుప్పిటతో రెండు. ఎసరులో నూకలు మెత్తగా ఉడికినాక పిండి. పిండి పోయగానే తిప్పబోయినాను. ఠంగ్. ఆగినాను. పిండి మధ్యలో కుప్పగా పోసి, కదిలించకుండా, సంగటి కట్టెతో ఆ కుప్పకు నడిమధ్య బొక్క పెట్టాల. కింది నీళ్లు ఆ బొక్కలోంచి కుతకుతమని పైకొస్తాయి, పిండి ఆవిరికి ఉడుకుతాది. మూత పెట్టాల. ఎంతసేపు? నేను గడియారం వైపు చూసినాను, ఆమె తన ముక్కు వైపు వేలు చూపించింది. పచ్చి వాసన పోయి వేరే వాసన వచ్చిందాకా. అది నాకు తెలిసేది కాదు. ఆమెకు గడప దగ్గరికే తెలిసేది. చెంచా మోగేది.

అప్పుడు దించి కెలకాల. గిన్నెను రెండు పాదాలతో అదిమి పట్టుకోని కట్టెతో గట్టిగా. ఉలీ సుత్తీ పట్టిన చేతులు నావి, అయినా భుజాలు పట్టుకుపోయినాయి. ఇంత బలం పెట్టి రోజూ చేసిందా ఈ మనిషి, నేను కూర్చోని తినింది ఇదా అనిపించింది. పుస్తకంలో నటి భుజం మీద పట్టుచీర మడత కూడా చెదరలేదు.

మొదటి రోజు ఉండలు కట్టింది. రెండో రోజు అడుగంటింది. ఎట్లున్నా ఆమె చెంచాతో కొంచెం తీసుకుని నాలుక మీద పెట్టుకునేది, తల అడ్డంగా ఊపేది, మిగతాది తినేది కాదు. నేను బతిమాలేవాన్ని. "తినే, బాగలేకున్నా తిను, డాక్టరు తిట్టినాడు." పెదాలు బిగించేది. గంజి మాత్రం నాలుగు చెంచాలు తాగేది. పక్కింటామె నాతో నెమ్మదిగా అనింది, "అన్నా, వదిన తినేదానికి కాదనిపిస్తాంది నాకు. నిన్ను వదిలిపెట్టకుండా చేపిస్తాంది సూడు." నాకు ఆ మాట అర్థం కాలేదు.

పదిరోజులకేమో, కుదిరింది. కెలుకుతాంటే కట్టెకు అంటకుండా ముద్ద దానికదే గిన్నె వదిలింది. ఆమె చెంచా మోగలేదు. తడి చేత్తో ఉండ చేసి, తినే స్టీలు తట్టలో పెట్టి, మధ్యలో గుంట చేసి నెయ్యి వేసినాను. పక్కన ఊరిబిండి, అదీ ఆమె చూపించినట్టు రోట్లో నేను నూరిందే. తట్ట తీసుకుని ఆమె ముందర పీట మీద కూర్చున్నాను. ఈ పొద్దు తింటాది అనుకున్నాను.

చిన్న ముద్ద తుంచి ఆమె పెదాల దగ్గర పెట్టినాను. "ఇది నీ సంగటే. సూడు."

ఆమె నోరు తెరవలేదు. ఎడమచేత్తో నా వేళ్లలోని ముద్ద తీసుకుంది. తానే పెట్టుకుంటాదనుకున్నాను. ఊరిబిండిలో అద్ది, ఆ చేయి నా నోటి దగ్గరికి తెచ్చింది. చేయి సరిగ్గా రాక గడ్డానికి తగిలింది. మళ్లీ తెచ్చింది. నేను నోరు తెరిచినాను. మింగిందాకా నా గొంతు వైపే చూసింది. ఇంకో ముద్ద. ఇంకొకటి. ఆ తర్వాత తట్టను నా వైపు తోసి, వేలితో దాన్ని, నన్ను, మళ్లీ దాన్ని చూపించి, తల నిలువుగా ఊపింది. సరే అన్నట్టు.

అప్పుడు తెలిసింది నాకు. ఇన్ని రోజులు ఆమె తినేకి నేను వంట చేస్తాండా అనుకున్నాను. నేను తినేకి ఆమె నేర్పిస్తాంది. తాను పోయినాక నేను ఎవరింటి గడపలోనో తట్ట పట్టుకోని నిలబడకూడదని, ఉన్న ఊపిరంతా ఆ చెంచాలో పెట్టింది. తట్ట ఒళ్లో పెట్టుకోని ఏడ్చినాను. గ్లాసు మీద ఠంగున కొట్టింది. తిను అని.

ఆ తర్వాత ఆమె ఎన్నో రోజులు ఉండలేదు. రాయి నేనే చెక్కినాను. దాని గురించి ఇంకేమీ రాయను.

ఇప్పుడు నువ్వు అడిగినదానికి జవాబు, తల్లీ. ఆ పుస్తకంలో అంతా అబద్ధమే అనను. కందిపప్పు అరగంట నానబెట్టమని రాసింది, అది నిజమే, పప్పు తొందరగా ఉడుకుతాది, ఇప్పటికీ అట్లే చేస్తాండా. వంట తెలిసినామె ఎవరైనా సరదాగా తిరగేసి, తనకు కావాల్సింది తీసుకుని, పనికిరానిది పక్కన పెడతాది, ఆమె కొనుక్కుంటే కొనుక్కోనీ. కానీ మీ ఇంట్లో వండే చేతులు ఇంకా ఆడుతాంటే, వాటిని వదిలిపెట్టి పాలరాయి గట్టు దగ్గర నిలబడిన మనిషిని నమ్మొద్దు. ఎంత పేరున్న మనిషైనా సరే. ముందు పోయి మీ ఇంటి గడప దగ్గర కూర్చో. ఆ మనిషికి నోరున్నప్పుడే అడుగు. నేను నలభై ఏండ్లు అడగలేదు, నోరు పోయినాక పుస్తకం కొన్నాను.

పుస్తకం ఇప్పటికీ వంటింట్లో డబ్బాల పక్కనే ఉంది. దాని అట్ట మీద సంగటి పడి గట్టిపడింది, నటి మొహం సగం కనపడదు. తుడవలేదు.

రోజూ సంగటి చేస్తాండా. బాగానే కుదురుతాది. ఒక్కటే కుదరడంలే. ఆమె నా గుప్పిట పట్టుకోని చూపించిన కొలత ఇద్దరికి. ఒక్కరికైతే నూకలు ఎంత, నీళ్లు ఎంత అని చూపించలేదు. సగం వేసి చూసినాను, గట్టిపడతాది, ఆ వాసన రాదు. అందుకని రెండు గుప్పిళ్లే వేస్తా. ఒక ముద్ద నేను తింటా. రెండోది నీళ్లలో వేసి పెట్టి, మరుసటి పొద్దున మజ్జిగలో పిసుక్కోని తాగుతా.