సుజాతమ్మ తినని అన్నం

మా సుజాతమ్మంత మొండిదాన్ని బెంగాల్లోని మా రైల్వే బస్తీ నిమ్‌పురాలో నేను చూడలేదు. భర్త జ్ఞానప్రకాశం రైల్వే షెడ్డులో పనిచేసి, రిటైరయ్యాక పోయాడు. మా పక్కనే రేకుల ఇంట్లో ఆమె ఒక్కతే ఉంటుంది. నేను అప్పా అని పిలుస్తాను. మా వైపు అక్కని అలాగే అంటారు. ఆమెది చర్చి, నాది గుడి. దానికోసం ఎప్పుడూ పోట్లాడుకోలేదు, పోట్లాటకి మాకు వేరే విషయాలు చాలానే ఉన్నాయి.

వాళ్ళ చర్చి ఆడవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. ఎసట్లో బియ్యం పోసే ముందు గుప్పెడు తీసి, దేవుడి పేరున విడిగా డబ్బాలో వేస్తారు. అది చర్చికి చేరి లేనివాళ్ళకు వెళుతుంది. ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగుచేసేది సుజాతమ్మే.

మొన్నటి తుఫానుకు బస్తీలో సగం ఇళ్ళ రేకులు లేచిపోయాయి. ఆమె ఇంటివీ పోయాయి. అయినా తెల్లారేసరికి చర్చి హాల్లో పొయ్యి రాజేసి, అలా గుప్పెడు గుప్పెడుగా పోగైన బియ్యంతోనే అందరికీ వండటం మొదలుపెట్టింది. నేనూ వెళ్ళి గరిటె పట్టుకున్నాను. తెలుగువాళ్ళు, బెంగాలీలు, ఒడియావాళ్ళు, అందరిదీ ఒకటే వరుస. "మాసీ, ఆర్ ఎక్‌టు" అంటూ, పిన్నీ ఇంకొంచెం అని గిన్నె చాపినవాళ్ళకల్లా ఆమె ఇంకో గరిటె వేసేది. నువ్వూ తినప్పా అంటే, "ఇంటికెళ్ళి తింటాను" అనేది. రోజూ అదే మాట. మొహం పీక్కుపోతుంటే నిద్రలేక అనుకున్నాను.

ఒక సాయంత్రం ఆమె హాల్లో మరిచిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్ళాను. విరిగిన రేకు ఇంకా గ్యాస్ పొయ్యి మీదే పడి ఉంది. మూలనున్న బియ్యం తడిసి ముక్కిపోయాయి. తుఫాను దగ్గర్నుంచి ఆ ఇంట్లో వంటే లేదన్నమాట. ఆమె గోడకానుకుని మంచినీళ్ళు తాగుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏటప్పా ఇది. ఊరందరికీ వండిపెట్టి నువ్వు పస్తుంటావా?"

"ఆ బియ్యం లేనోళ్ళవి. పోగుసేసిన సేత్తో నానే తింటే బాగుంటాదేటి?"

"నీకేటి ఉందని?"

"కాళ్ళూ సేతులూ ఉన్నాయి కదా" అంది.

ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. ఇంటికొచ్చి, మాకు మిగిలిన పొడి బియ్యం వండి, ఇంత పప్పు చేసి పట్టుకెళ్ళాను. ఆమె ముందు కంచం పెట్టాను.

"ఇవి దేవుడి బియ్యం కావు, నా ఇంటివి. నువ్వు తినేదాకా నానూ ముట్టను. నాకు షుగరుంది, ఆ పైన నీ ఇష్టం" అని తడి నేల మీదే చతికిలబడ్డాను. ఎదుటి మనిషి ఆకలితో ఉంటే ఆమె తట్టుకోలేదని నాకు తెలుసు.

ఆమె లేచింది. చేయి కడుక్కుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే కళ్ళ నీళ్ళు కారిపోయాయి.

"మాయమ్మ పోయినాక నన్ను కూకోబెట్టి వడ్డించినోళ్ళు లేరే, కోటేశ్వరీ" అంది.

వండుతున్నంతసేపూ కూడగట్టుకొచ్చిన తిట్లు ఎటుపోయాయో. మళ్ళీ అన్నం వడ్డించాను. చాలు అంటుందేమోనని చూశాను. అనలేదు.