గేటు దగ్గర చేపలబుట్ట

నారాయణమ్మ కేక వేసిందంటే నౌపడ ఉప్పుమళ్ల అవతలి వాళ్లకు కూడా ఆ రోజు ఏ చేప పడిందో తెలిసిపోయేది. సముద్రం హోరు మీదుగా మాట్లాడ్డం నేర్చిన మనిషి. గుసగుస ఆమెకు చేతకాదు. బుట్ట నెత్తిన పెట్టుకుని పట్నం వీధుల్లో తిరిగేటప్పుడు ప్రతి ఇంటితోనూ ఒక వరస కలిపేది. బేరం కుదరకపోయినా ఒక దీవెన పారేసి వెళ్లేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ సామెత కట్టినవాడు కోర్టు గుమ్మం ఎక్కి ఉండడు.

వలల దగ్గర రెండూళ్లకు తగువొచ్చింది. తెడ్లు లేచాయి, ఒకడి తల పగిలింది. ఆమె మొగుడు ఎల్లాజీ మీద, కొడుకు వెంకీ మీద హత్యాయత్నం కేసు పెట్టారు. వెంకీ ఒడిశా వైపు పారిపోయాడు, ఎల్లాజీ దొరికిపోయాడు. ప్లీడరు ఉపేంద్ర బెయిలు అడిగాడు. దెబ్బ తిన్నవాడు కోలుకున్నాడని కాగితాల్లో చూసి జడ్జిగారు ఇచ్చారు. అంతా న్యాయప్రకారం జరిగిన పనే.

నారాయణమ్మకు మాత్రం అది వరం. ఎల్లాజీ మళ్లీ పడవెక్కిన రోజు పడ్డ చేపల్లో మంచి సందువలు రెండు ఏరి, ఆకు కప్పి, జడ్జిగారి బంగళాకు బయల్దేరింది. మేలు చేసినవాళ్లకు తొలి వేటలో వాటా పెట్టడం ఆమె ఇంట్లో అత్తగారి కాలం నుంచీ ఉన్నదే.

గేటు దగ్గర ధర్మేంద్ర కనిపించాడు. యూట్యూబులో ఊరి వార్తలు నడిపే మనిషి. ఫోను పైకెత్తి పలకరించాడు.

"ఏటి పిన్నీ, బుట్టలో?"

"సందువలు నాయినా. మీ సిన్నాన్నని వదిలీసినాడు జడ్జీబాబు. దేవుడు! దేవుడి కాడికి ఉత్త సేతుల్తో ఎల్తామేటి?"

ధర్మేంద్ర ఫోను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాతే కాపలా మనిషి లోపలికి కబురు తీసుకెళ్లాడు. అయ్యగారు ఏమీ తీసుకోరు, ఇంకెప్పుడూ ఇలా రావద్దన్నారని చెప్పాడు. ఆమె నొచ్చుకుని ఆ చేపలను పక్కవీధిలో అమ్మేసింది. ఆ ముక్క ఎవరూ చూడలేదు. 'ఉత్త సేతుల్తో' అన్న ముక్క మాత్రం జిల్లా అంతా చూసింది. బెయిలుకు ఎంత ముట్టిందో అని కింద జనం రాశారు. పైనుంచి సంజాయిషీ అడిగారని కోర్టు ఆవరణలో చెప్పుకున్నారు. అప్పటినుంచి ఆ జడ్జిగారు బెయిలు కాగితం ముట్టుకోవడానికే జంకసాగారు.

సరిగ్గా అప్పుడే వెంకీ దొరికాడు.

ఒకటే తగువు, ఒకటే కేసు. తండ్రికిచ్చింది కొడుక్కీ రావాలి. రాలేదు.

"ఆయన చెడ్డవాడు కాదు నారాయణమ్మా," అన్నాడు ఉపేంద్ర. "పారిపోయాడన్నది పైకి రాసే కారణం. నీ కొడుక్కిస్తే చేపలు మళ్లీ వెళ్లాయంటారు. ఆయన భయం ఆయనది."

"అయితే తీసుకోలేదని నానే సెప్తాను."

"ఆయనే చెప్పించాడంటారు."

ఆమె వినలేదు. ధర్మేంద్రను వెతికి పట్టుకుంది. అతను నిజంగానే సిగ్గుపడ్డాడు. "ఏస్తాను పిన్నీ. గాని తీసుకోలేదంటే ఎవులు సూస్తారు?" అంటూనే వీడియో వేశాడు. చూసిన కొద్దిమందీ ఈసారి సొరచేప పంపారా అని నవ్వారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మాట్లాడితే కొడుక్కి చేటు, ఊరుకుంటే ఆ మంచివాడికి మచ్చ.

జైలుకి చూడ్డానికి వెళ్లినప్పుడల్లా వెంకీ ఊచల అవతల నుంచి ఒకటే అడిగేవాడు. "అయ్యని ఒగ్గీసినారు కదే అమ్మా. నానేటి ఎక్కువ సేసినాను?"

ఆమెకు జవాబు తెలుసు. నీ మీద తలుపు మూసింది నా నోరేరా అని ఏ తల్లి చెప్పగలదు?

రెండో పిటిషను విచారణ రోజు ఆమె కోర్టు హాల్లో వెనక గోడకు ఆనుకుని నిలబడింది. జడ్జిగారు తలెత్తారు. ఆమెను చూశారు. చప్పున తల దించుకుని పిటిషను కొట్టేశారు. ఆ మనిషి కూడా బోనులోనే ఉన్నాడనిపించింది నారాయణమ్మకు. జాలేసింది. ఒళ్లు కూడా మండింది.

ఆ వెనకే ఎవరిదో చిన్న తోపులాట కేసు. దానికి బెయిలిస్తే పోయే పరువేమీ లేదు, ఇచ్చారు. అతని పెళ్లాం ఏడుస్తూ నవ్వుతూ వరండాలోకి వచ్చి, హాలు వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తింది. "సల్లగుండు బాబూ, దేవుడి లాగ..." అని అందుకుంది. మెట్ల దగ్గర ఎవరో ఫోను పైకెత్తారు.

నారాయణమ్మ ఒక్క అంగలో వెళ్లి ఆ చేతులు కిందికి లాగింది. అరచేత్తో ఆమె నోరు మూసి, చెవి దగ్గరికి వంగింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతు దించి మాట్లాడింది.

"మొక్కకే తల్లీ. నీకు కొడుకులున్నారేటి?"