చెప్పులు విప్పిన పాపం

ఒక మనిషి ఒక్క పూటలో ముగ్గురి కాళ్ళను, బస్సెడు మంది ఓపికను, ఒక పిల్ల మొదటి ఉద్యోగాన్ని ఎలా ప్రమాదంలో పడేయవచ్చో నేను చేసి చూపించాను. దానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. చెప్పులు విప్పితే చాలు.

కొన్నేళ్ళ కిందటి మాట. అప్పటికి నాకు అరవై రెండు, అంటే ఇంకా బుద్ధి కుదరని వయసు. కెనడాలోని కాల్గరీలో ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా ఇద్దరు తెలుగు విద్యార్థులు బయటికొచ్చే రోజులవి. మా బేస్‌మెంట్‌లో సౌమ్య, హారిక ఉండేవారు. సౌమ్యది కరీంనగర్. రెండు నెలలు రెజ్యూమేలు పట్టుకుని తిరగని కొట్టు లేదు. చివరికి ఒక కాఫీ షాపు వాళ్ళు పిలిచారు. శనివారం సాయంత్రం ఆరింటికి మొదటి షిఫ్టు. ఆలస్యమైతే ఇంకొకరిని పెట్టుకుంటామని ముందే చెప్పేశారట.

అదే శనివారానికి నేను రాతి బొమ్మల ఎడారి చూడటానికి టూర్ బస్సులో ముగ్గురికి సీట్లు తీసుకుని కూర్చున్నాను. నాకు అక్షరాలు వచ్చిందే యాభై దాటాక. అక్షరాల్లేకుండా రాయి మీద బొమ్మలు చెక్కి తమ సంగతులు చెప్పిన మనుషులున్నారంటే చూడకుండా ఎలా ఉంటాను? సౌమ్య రానంది. “నాలుగున్నరకల్లా బస్సు దింపేస్తుంది. పూచీ నాది” అన్నాను. నా పూచీ ఏపాటిదో ఆ పిల్లకు అప్పటికి తెలియదు.

కాల్గరీకి దక్షిణాన మూడున్నర గంటల దూరం. గోధుమ పొలాల మధ్య నేల ఉన్నట్టుండి కుంగిపోయి, లోపల రాతి స్తంభాలు బారులు తీరి కనిపిస్తాయి. ఎవరో ఊరంతా కట్టి మనుషుల్ని పెట్టడం మరిచిపోయినట్టుంటుంది. గైడు ఆ నేల మీద తరతరాలుగా ఉన్నవాళ్ళ అమ్మాయి, నడుము దాటిన జడ. గేటు దగ్గర మమ్మల్ని నిలబెట్టి చెప్పడం మొదలుపెట్టింది. నేను ఇంగ్లీషు బోర్డులు కూడబలుక్కుని చదవగలను గాని మాటలు అందవు. సౌమ్య పక్కన నిలబడి తెలుగు చేస్తోంది.

“ఇది వాళ్ళకు పవిత్రమైన జాగనట ఆంటీ. అందుకని...”

“చాలు, అర్థమైంది” అన్నాను.

అర్థం కాకపోవడానికేముంది? పవిత్రమన్నాక ఏం చేయాలో నాకు ఒకరు చెప్పాలా? గైడు ముందు నడిచి మలుపు తిరిగేసరికి నేను చెప్పులు విప్పేశాను.

“ఎవ్వరూ విప్పుతలేరు ఆంటీ” అంది సౌమ్య.

“వాళ్ళకు తెలియదు. తెలిసిన మనకేమైంది? గుడి చుట్టూ ఎండలో ప్రదక్షిణలు చేయలేదా నువ్వు?”

గుంటూరు పిల్ల హారిక గొణుక్కుంటూనే విప్పింది. సౌమ్య సాయంత్రం డ్యూటీకని కొన్న కొత్త నల్లబూట్లు విప్పింది. మూడు జతలూ గేటు పక్కన వరసగా పెట్టించాను.

మొదటి పది నిమిషాలు మెత్తటి ఇసుక. బూట్లతో నడిచేవాళ్ళను చూసి జాలిపడ్డాను కూడా. తర్వాత రాతినేల వచ్చింది. పెనం మీద నీటిచుక్కల్లా ముగ్గురమూ గెంతాము. ఆ తర్వాత గడ్డిలో దాక్కున్న నాగజెముడు. ఎడారిలో దానికి పని లేదేమో, నా పాదాల కోసమే ఎదురుచూసినట్టుంది. బండ మీద డాలు పట్టుకున్న మనిషిని, గుర్రాన్ని చెక్కారు. అంత దూరం వచ్చి, వాటిని కొంగలా ఒంటికాలి మీద నిలబడి చూశాను.

అప్పుడు చూసింది గైడు మా కాళ్ళను. ఆమె మొహంలో భక్తి ఏమీ కనిపించలేదు. ఆమె అడిగింది విని సౌమ్య నావైపు తిరిగింది.

“అందుకని రాయిని ముట్టొద్దు, దారి దిగొద్దు, ముండ్లుంటయి, పాములుంటయి, బూట్లు అసలే విప్పొద్దు. ఇదంతా మీరు చాలు అన్నంక చెప్పింది ఆంటీ.”

“సరేలే. తిరిగి వెళ్ళేటప్పుడు వేసుకుందాం.”

“తిరిగి పోము. బస్సు ఆ కొసకు, ఏటి దగ్గర ఎక్కించుకుంటది. అది కూడా మీరు చాలు అన్నంకనే చెప్పింది.”

ఏ గుడిలోనైనా చెప్పులు విప్పినచోటికే కదా తిరిగొస్తాం. గుడికి లేని బుద్ధి ఈ టూరుకెందుకు?

గైడు గేటుకు ఫోన్ చేస్తే ఇంకో గొడవ బయటపడింది. అక్కడి కాపలా మనిషి మూడు జతలు వరసగా ఉండి మనుషులు లేకపోవడం చూసి, ముగ్గురు తప్పిపోయారని అప్పటికే కబురు పెట్టేశాడట. ముందు మేము తప్పిపోలేదని రుజువు చేసుకోవాల్సొచ్చింది. డ్రైవరు బస్సులో తలలు మూడుసార్లు లెక్కపెట్టాడు. మూడుసార్లూ నా తల దగ్గర ఆగి చూశాడు.

ఒంటిగంటకు కదలాల్సిన బస్సు కదల్లేదు. సౌమ్య మాటిమాటికీ ఫోన్లో టైమే చూస్తోంది. తిట్టినా బాగుండేది.

“బూట్లు తర్వాత తెప్పిస్తాను, బయల్దేరదాం” అన్నాను.

“అవి లేకుంటే డ్యూటీకి రానియ్యరు ఆంటీ. జారని బూట్లే ఉండాలె.”

ఆ మాటకు నా కాళ్ళలో ముళ్ళు చిన్నవైపోయాయి. రెండుంపావుకు జీపులో చెప్పులూ బూట్లూ వచ్చాయి. ఈలోగా గైడు నా పాదాల్లో ముళ్ళు పీకి కట్లు కట్టింది. వాచిపోయిన ఆ కాళ్ళకు చెప్పులు పట్టవు, సంచిలో వేసుకున్నాను. డ్రైవరు ఏం అనుకున్నాడో గాని, కాఫీ షాపు మలుపులోనే బస్సు ఆపాడు. ఆరుకు నాలుగు నిమిషాలుండగా సౌమ్య లోపలికి పరిగెత్తింది.

అక్కడితో ఇంటికి వెళ్ళి ఉంటే మనిషినే. బూట్ల నిండా దుమ్ముంది, దానికి సంజాయిషీ నేనే చెప్పాలనిపించింది. హారిక వద్దంటున్నా కుంటుకుంటూ లోపలికి వెళ్ళి నిలబడ్డాను. సౌమ్య ఏప్రన్ కట్టుకుని వచ్చింది. మేనేజరు నా కాళ్ళను చూసి, ఆ పిల్లకు మెల్లగా ఏదో చెప్పాడు. సౌమ్య పెదవి బిగబట్టుకుని నా దగ్గరికొచ్చి, అద్దాల తలుపు మీది బోర్డు చూపించింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. చెప్పులు లేనివాళ్ళకు లోపలికి ప్రవేశం లేదు.

“బయటికి నడవండి ఆంటీ.”

“సంచిలో ఉన్నాయి కదే.”

“కాళ్ళకు ఉండాలట.”

ఉద్యోగంలో ఆ పిల్ల చేసిన మొట్టమొదటి పని నన్ను గెంటడం. చక్కగా చేసింది. ఉద్యోగం నిలిచింది.

ఆ షాపు మెట్ల మీద కూర్చుని, చెప్పుల సంచి మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఇకమీదట ఎవరు ఎంత పవిత్రమైన మాట చెప్పినా, వాక్యం చివర చుక్క పడేదాకా చెప్పుల జోలికి పోను. ఆ చుక్క ఎందుకు పెడతారో నాకు అక్షరాలు నేర్పిన పంతులమ్మ ఆ రోజుల్లోనే చెప్పబోయింది. “చాలు, అర్థమైంది” అన్నాను.