కారు షోరూమ్‌లో నాకు కుదిరిన పెళ్ళి

ఆ రోజుల్లో ఏ కారు ప్రకటన చూసినా ఒక నాన్న, ఒక అమ్మ, వెనక సీట్లో ఇద్దరు పిల్లలు, కిటికీలోంచి తల బయటపెట్టిన ఒక కుక్క. కుక్కకి కూడా చోటున్న ఆ కార్లలో మాలాంటి ఇద్దరు మగవాళ్ళ జంటకి మాత్రం చోటుండేది కాదు. (ఇప్పుడు అవే కంపెనీలు జూన్‌లో మాలాంటివాళ్ళ ప్రైడ్ నెల వస్తే చాలు, ఇంద్రధనుస్సు రంగులు పూసుకుని మా ఫోన్లలోకి వచ్చేస్తున్నాయి. జులైలో మళ్ళీ మమ్మల్ని మర్చిపోతాయనుకోండి, అది వేరే సంగతి.) అలాంటి కాలంలో నేనూ భీమవరమూ కలిసి కారు కొందామనుకున్నాం. భీమవరమంటే ఊరు కాదు, మనిషి. ఫిల్మ్‌నగర్‌లో డైలాగులు రాసే ఒకాయన దగ్గర అసిస్టెంటు. ఆరడుగుల పొడుగు, నోరు విప్పితే గోదావరి యాస. నేను ఆ పక్క వీధిలోనే ఒక ఎడిటర్‌గారి దగ్గర పని నేర్చుకుంటున్న బక్కపిల్లాణ్ణి. శ్రీనగర్ కాలనీలో ఇంటివాళ్ళకి మేం రూమ్మేట్లం. మా మటుకు మాకు అది కాపురమే.

జూబ్లీహిల్స్‌లో షోరూమ్‌కి వెళ్ళాం. మాకు కార్లు చూపించినమ్మాయి రోజూ మోతీనగర్ నుంచి స్కూటీ మీద వచ్చేది. హుషారైన పిల్ల. వచ్చీ రాగానే "మేడం రాలేదా సార్?" అంది. నేను పక్కనున్న కారు ధర చదువుతున్నట్టు నటించాను. సినిమావాళ్ళలో సగంమంది సర్వీసింగుకి అక్కడికే వస్తారు. మా ఇద్దరి సంగతి అక్కడ పొక్కిందంటే సాయంత్రానికి ఫిల్మ్‌నగర్ టీకొట్ల దాకా పాకుతుంది, ఎడిటర్‌గారు నన్ను గుమ్మం బయటే నిలబెడతారని నా బెంగ. సరిగ్గా అప్పుడే భీమవరం తెల్లకారు చుట్టూ తిరిగొచ్చి "బావా, ఇది అదిరింది బావా" అన్నాడు. (అతనికి లోకంలో మగవాళ్ళంతా బావలే. నన్ను పిలిచేటప్పుడు మాత్రం కాస్త మెల్లగా పిలుస్తాడు.)

"ఓ, ఈ సార్ మీ బావమరిదా! అంటే మేడం ఈ సార్ వాళ్ళ సిస్టర్ కద?" అంది మోతీనగర్ అమ్మాయి.

నేను తలాడించాను. అంతే, నాకు పెళ్ళయిపోయింది. తర్వాత ఆ లేని ఇల్లాలు రోజురోజుకీ పెరిగింది. "మేడం కూడా మీ లెక్కనే హైటా సార్?" అని అడిగితే భీమవరం జంకూ గొంకూ లేకుండా "అబ్బే, పొట్టిదండీ. కాస్త కోపిష్టి కూడానూ" అన్నాడు. డైలాగులు రాసేవాడు కదా, పాత్ర దొరికితే వదలడు. ఆ అమ్మాయి ఫోన్ చేసినప్పుడల్లా "మేడంకి కలర్ నచ్చిందా సార్?" అనడం, నేను పక్కగదిలోకి వెళ్ళి కనుక్కున్నట్టు కాసేపు ఆగి "నచ్చిందట" అనడం!

కారు తీసుకునే రోజు వచ్చింది. మేం వెళ్ళేసరికి కారుకి పూలదండ, పక్కన పంతులుగారు, పళ్ళెంలో పసుపు, కుంకుమ, చీర. "దంపతులు వస్తే మొదలెడదాం, వర్జ్యం ముంచుకొస్తోంది" అన్నారాయన. మోతీనగర్ అమ్మాయి గుమ్మంలోకీ లోపలికీ తిరుగుతోంది. "మేడం ఏడిదాకా వచ్చిండ్రు సార్? ట్రాఫిక్‌ల ఇరుక్కున్నరా? జర ఫోన్ చెయ్యుండ్రి." భీమవరం ఇంకేదో అల్లబోతున్నాడు. ఆ పిల్ల ఎండలో రోడ్డు మీదికెళ్ళి, వచ్చే ప్రతి ఆటోలోకీ తొంగిచూస్తోంటే నా వల్ల కాలేదు.

"ఎవరూ రారమ్మా. మేడం లేదు. ఇతనికి అసలు చెల్లెలే లేదు. మేమిద్దరమే... జంట."

ఆ అమ్మాయి నన్ను చూసింది, భీమవరాన్ని చూసింది.

"గది మొదలే చెప్పొచ్చు కద సార్!" అని గయ్యిమంది. "మేడం పొట్టిగుంటదని సీటు మొత్తం ముందటికి జరిపించి పెట్టిన. ఇప్పుడు గంత పొడుగు సార్ గండ్ల ఎట్ల కూసుంటడు?" అంటూ కారు తలుపు తీసి తనే సీటు వెనక్కి లాగేసి, "పంతులుగారూ, జంట గీడనే ఉంది, కానియ్యుండ్రి" అంది.

పంతులుగారు గడియారం చూసుకుని, మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి గోత్రాలు అడిగారు. చెప్పాం. ఆయన ముఖంలో మొదటిసారి అభ్యంతరం కనిపించింది.

"ఇద్దరిదీ ఒకటే గోత్రమా?"

ఆయన మళ్ళీ గడియారం చూసుకుని, "కారు పూజే కదా, ఫరవాలేదులెండి" అని మంత్రం అందుకున్నారు. కొబ్బరికాయ ఇద్దరం కలిసే కొట్టాం. చీర భీమవరం వాళ్ళమ్మగారికి వెళ్ళింది. (రంగు ఆవిడకి నిజంగానే నచ్చింది.)

కారు ముందు నిలబెట్టి మాకు ఫొటో తీశారు. షోరూమ్‌లో కారు కొన్న కుటుంబాల ఫొటోలు పెట్టే గోడ ఒకటుంది. "మీది పెట్టాల్నా సార్? ఇబ్బందైతే వద్దు" అని ఆ అమ్మాయి గొంతు తగ్గించి అడిగింది. ఎడిటర్‌గారు గుర్తొచ్చినా "పెట్టండి" అన్నాను. నేను భయపడ్డట్టే ఎడిటర్‌గారు సర్వీసింగుకి వెళ్ళి ఆ ఫొటో చూశారు. మర్నాడు పిలిచి, కళ్ళజోడు సర్దుకుని, "కారు కొని స్వీట్లు పెట్టవేంట్రా? ఆదివారం ఇద్దరూ భోజనానికి రండి" అన్నారు. అంతే, మళ్ళీ పనిలో పడ్డారు.

ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో భీమవరం పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. మోతీనగర్ అమ్మాయి చప్పట్లు కొడుతోంది. మధ్యలో నేను, భుజాలు ముడుచుకుని, ఏదో పేలబోతున్నట్టు కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాను. ఎప్పుడైనా దాన్ని చూస్తే ఆ బక్కపిల్లాడి భుజం తట్టి చెప్పాలనిపిస్తుంది: కళ్ళు తెరువురా నాయనా, అందరూ నవ్వుతూనే ఉన్నారు.